జాలియు దయయు

దయ గొప్ప గుణమని యెల్లరు నొప్పుకొందురు. తాను దయలేనివాడనని చెప్పుకొనువాడు మనకు కనబడడు. అయినను ఆ గుణము మనయందు ఎంతకాలము నిలుచును, దాని వ్యయమును ఎవరు భరించుచున్నారు అను రెండు ప్రశ్నలను మనము తఱచుగా వేసికొనము. ఒక ప్రాణిని రక్షించితిమని చెప్పుకొనుటకు మన మెప్పుడు అర్హుల మగుదుము? దారిలో పడియున్నదానిని ఎత్తి యింటికి తెచ్చిన దినముననా? లేక ఆ దినము గడచి, చూచినవారి మెప్పు మాసిపోయి, పని మాత్రము మిగిలిన దినములలోనా? ఈ ప్రశ్న నాకు పుస్తకములలో ఎదురుకాలేదు. మా యింటి వసారాలో, నడుము విఱిగిన యొక కుక్క ప్రక్కన ఎదురైనది.

నిజామాబాదునుండి ఆర్మూరు, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాలల మీదుగా మంచిర్యాలవైపు పోవు 63వ జాతీయ రహదారి మా యూరి నడుమనుండి పోవుచున్నది. లారీలు, బస్సులు రాత్రింబవళ్ళు తిరుగును. రెండేండ్ల క్రిందట శ్రావణమాసమున, ఒక సాయంకాలము, ఏదియో వాహనము తగిలి యొక నల్లకుక్క రోడ్డు ప్రక్క బురదలో పడియుండెను. ముందుకాళ్ళతో ఈడ్చుకొని లేవజూచుచుండెను గాని వెనుకభాగము దానిది కానట్లు వెంటబడి వచ్చుచుండెను. నేను చూచితిని, నిలిచితిని. బాధలోనున్న కుక్క దగ్గఱకు వచ్చినవారిని కఱచుట సహజము గనుక మూతికి గుడ్డ చుట్టితిని. నడుము వంగకుండ ఒక పలకమీదికి జరిపి, ఆటోలో ఇంటికి తెచ్చితిని. చూచినవారు మెచ్చుకొనిరి. ఆ రాత్రి నేను మిక్కిలి తృప్తితో నిద్రపోతిని. నా సహధర్మచారిణి మాత్రము నిద్రపోలేదు. కుక్క మూలుగుచుండగా దాని ప్రక్కన కూర్చుండెను.

మఱునాడు ఒక పశువైద్యునికి చూపితిమి. కుక్క మెడలో 7, ఱొమ్మున 13, నడుమున 7, కటిస్థానమున 3 వెన్నుపూస లుండుననియు, వానిలోపల సాగిపోవు వెన్నుబాము మెదడునుండి కాళ్ళకు ఆజ్ఞలను, కాళ్ళనుండి మెదడునకు బాధను చేరవేయుననియు ఆయన వివరించెను. పిమ్మట ఒక పట్టుకారుతో వెనుకకాలి వ్రేలిని గట్టిగా నొక్కెను. కుక్క కాలు వెనుకకు లాగుకొనెను. నేను సంతోషించి, “కాలు కదలినది, ఇక భయము లేదు” అంటిని. ఆయన తల యడ్డముగా త్రిప్పెను. కాలు లాగుకొనుట పెద్ద గుర్తు కాదట. ఆ కబురు వెన్నుబాము వఱకే పోయి, అక్కడనే తిరిగి వచ్చును; మెదడు దాని నెఱుగకపోయినను కాలు కదలును. కుక్క తల త్రిప్పి చూచినదా, అఱచినదా, కఱవబోయినదా అనునదే చూడవలసినదట. ఆయన మఱల నొక్కెను. ఈమాఱు కర్రి మెల్లగా తల త్రిప్పి తన కాలివైపు చూచెను, మూలిగెను. లోతైన బాధను తెలిసికొను శక్తి నిలిచియున్నచో కోలుకొను ఆశ కలదనియు, అది పూర్తిగా పోయి పూసలు స్థానము తప్పియున్నచో ఆశ మిక్కిలి తక్కువ యనియు ఆయన చెప్పెను. ఎక్స్‌రేలో పూస పగిలినది గాని స్థానము తప్పలేదు. ఆఱు వారములు కదలనీయక ఉంచవలెనని ఆజ్ఞ యయ్యెను.

చదువరులారా, ఆనాడు నేను వైద్యశాస్త్రమున ఒక పాఠము నేర్చితి ననుకొంటిని. అది నీతిశాస్త్రమున పాఠమని తెలిసికొనుటకు నాకు నెల దినములు పట్టినది.

ఆఱు వారములు కదలనీయకుండుట యనగా నేమో వినుడు. పాత చెక్కపెట్టెల పలకలతో వసారా మూలను చిన్న కొట్టు కట్టితిమి. షాబాదు బండలమీద కాలు జారును గనుక గోనెసంచులు పఱచి, వానిమీద పాత ఖద్దరు దుప్పటి వేసితిమి. నాలుగు గంటల కొకసారి ప్రక్క మార్చవలెను. లేనిచో ఎముక లొత్తుకొని పుండ్లు పడును. తనంతట మూత్రము విడువలేదు గనుక దినమునకు మూడు నాలుగు సార్లు పొట్టను అరచేతులతో మెల్లగా నొక్కి విడిపింపవలెను. నిలువయున్నచో మూత్రాశయము సాగి చెడును, వ్యాధి పుట్టును. తడిసినచోటనెల్ల కడిగి ఆరబెట్టవలెను. ఎత్తునప్పుడు ఒక చేయి ఱొమ్ముక్రింద, ఒక చేయి తొడలక్రింద పెట్టి, నిండుకుండను మోసినట్లు నడుము సమముగా నుంచవలెను. మనుష్యులు మ్రింగు ఐబుప్రోఫెన్ వంటి నొప్పిమాత్రలు కుక్కకు ప్రమాదకరములు గనుక వైద్యుడిచ్చిన మందు తప్ప మఱొకటి పెట్టరాదు. మేత మితముగా పెట్టవలెను. పెరిగిన బరువు నడుముమీదనే పడును.

ఈ పనులన్నియు నేను మీకు పాఠము చెప్పినట్లు చెప్పుచున్నాను. చేసినదెవరు? నా సహధర్మచారిణి. నేను ఉపాధ్యాయ వృత్తినుండి విశ్రాంతి పొందినవాడను. నాకు తీరిక లేదని చెప్పుట కవకాశము లేదు. అయినను ఉదయము పత్రిక చదువుచుండగా ఆమె కుక్క పక్కబట్టలు ఉదుకుచుండెడిది. ఇంటికి వచ్చినవారు, “మంచి పుణ్యము చేసితిరి” అని నాతో చెప్పెడివారు. నేను “మానవధర్మము” అని బదులు చెప్పెడివాడను. దయ ఇంటి యజమానిది, పని ఇల్లాలిది అనునది మన గృహములలో ఎంత పాత యేర్పాటో ఆలోచింపుడు. అతిథులను పిలుచువాడొకడు, వండునది వేఱొకరు. వృద్ధులైన తల్లిదండ్రులను కంటికి ఱెప్పవలె చూచుకొనుచున్నానని చెప్పువాడొకడు, వారి మలమూత్రము లెత్తునది వేఱొకరు. ఈ యేర్పాటు మన మంచితనమునకు మఱుగున నుండుటచేత దానిని అన్యాయమని పోల్చుకొనుట కష్టము.

నాలుగవ వారమున కర్రి తోకయైన కదల్చలేదు. ఇల్లు వాసన వేయుచున్నదని నాకు తోచెను. రాత్రి దాని మూలుగు నిద్రను చెఱచుచుండెను. అప్పుడు నాకు మహాత్ముడు జ్ఞాపకము వచ్చెను. సుఖము కొఱకు వెదకునప్పుడు మనకు పెద్దలు జ్ఞాపకము వచ్చుట సాధారణమే! 1928లో సబర్మతీ ఆశ్రమమున, తీరని బాధపడుచున్న యొక దూడను గాంధీమహాత్ముడు వైద్యునిచేత సూదిమందు వేయించి విముక్తము చేసెను. అది అహింసకు విరుద్ధమని దేశమంతట కలవరము చెలరేగినను ఆయన తన చర్యను సమర్థించుకొనెను. నేను ఆ కథ నా భార్యకు చెప్పి, “దీనినిగూడ బాధనుండి విడిపించుట దయ కాదా?” అంటిని.

ఆమె బట్ట పిండుచునే నావైపు తల త్రిప్పి చూచెను. “నొప్పి దానికా, మీకా? దానికే అయితె రేపే తీస్కపోండ్రి, నేను అడ్డం రాను. మీకే అయితె ఆ మాట చెప్పుండ్రి” అనెను.

నాకు బదులు తోచలేదు. పట్టుకారు నొక్కినది నా వ్రేలినే.

ఈ ప్రశ్నను తీరికగా విచారింతము. బాధపడు ప్రాణిని చంపుట ఎన్నడును దయ కాజాలదని నేను అనను. సబర్మతిలో ఆ దూడను ఒక ప్రక్కనుండి వేఱొక ప్రక్కకు త్రిప్పుటయు దుస్సహమైన బాధ కలిగించుచుండెను. వైద్యుడు చేయగలిగిన దేమియు లేదని తేల్చిచెప్పెను. చేయగల సేవ యంతయు చేసిన పిమ్మట, సేవయే హింసగా మాఱినప్పుడు, ఆ నిర్ణయము పుట్టెను. నాది అట్టిది కాదు. కర్రికి ఆకలి యున్నది. పిలిచిన చెవులు నిక్కించును. మందు వేసినపిమ్మట మూలుగు తగ్గును. దాని బాధ తీర్పదగినదే. తీఱనిది నా విసుగు. నా విసుగును దాని బాధగా పేరు మార్చి, ఆ పేరుమీద దాని ప్రాణము తీయజూచితిని. కనుక చంపుట దయయా కాదా అని యడుగుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు మూడున్నవి. ఈ బాధ ఎవరిది? దానిని తగ్గించు మార్గములన్నియు చూచితిమా? ఆ ప్రాణికి తన జీవితమున ఇంకను రుచి మిగిలియున్నదా? ఈ మూడింటికి నిజమైన బదులు చెప్పినవాడు ఏ నిర్ణయము చేసినను నేను తప్పుపట్టను.

ఈ పేరుమార్పు ఒక్క నా యింటిలోనే జరుగుట లేదు. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్ గ్రామమున ఒక రాత్రి యిరువది వీథికుక్కలను తుపాకితో కాల్చి చంపిరి. అంతకు ముందటి యేడు, 2023 ఫిబ్రవరిలో, హైదరాబాదు అంబర్‌పేటలో వీథికుక్కలు ఒక నాలుగేండ్ల బాలుని కఱచి చంపెను. ఆ బాలుని తలిదండ్రుల దుఃఖమును తేలికచేసి మాటలాడువాడు కుక్కలకుగూడ మిత్రుడు కాడు. ఆ భయము న్యాయమైనది. కాని ఆ భయమునకు తగిన బదులు ఓపికతో కూడిన పని: కుక్కలకు సంతానము కలుగకుండ శస్త్రము చేయించుట, టీకాలు వేయించుట, వీథులలో చెత్త పేరుకొననీయకుండుట. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును, 1976లో రాజ్యాంగమున చేర్చిన 51-ఎ అధికరణము నందలి భూతదయా విధియు మనలను ఆ దారినే పొమ్మనుచున్నవి. తుపాకి ఒక రాత్రి పని. టీకా యేటేట చేయవలసిన పని. మనము మొదటిదానిని కోరుదుము, ఏలనగా అది త్వరగా ముగియును. దారిలోని కుక్కను ఎత్తుకొనివచ్చి మెప్పుపొందిన నా జాలియు త్వరగా ముగిసినదే. త్వరపాటు రెండింటికిని సమానమే.

అయిన నొక కుక్కకు మనము ఇంత ఋణపడియుండుటకు కారణమేమి? ఇరువురు దీనికి బదులు చెప్పియున్నారు. మన భారతకథ ఒక కుక్కపిల్ల దెబ్బలతో మొదలగును. జనమేజయుడు యజ్ఞము చేయుచుండగా, అక్కడికి వచ్చిన సరమ కొడుకును రాజు తమ్ములు కొట్టిరి. సరమ వచ్చి, ఏ తప్పు చేసినదని నా బిడ్డను కొట్టిరని నిలదీసెను. బదులు చెప్పగలవారు లేరయిరి. అంత పెద్ద సభలో ఆ చిన్న ప్రశ్న నిలిచిపోయినది. రాజునకు కీడు వెంటబడినది. నన్నయ్య తెనుగున కథ నెత్తుకొనుటయు ఈ సరమ వృత్తాంతముతోనే. ఇక భారతము చివర, మహాప్రస్థానమున, ధర్మరాజు వెంట కడదాక నడచివచ్చినది ఒక కుక్క. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కను విడిచి రమ్మనగా, నమ్మి వెంటవచ్చినదానిని విడువజాలనని ఆ మహారాజు స్వర్గమునే వద్దనెను. ఒక తుదను కొట్టుట, మఱొక తుదను విడువకుండుట. నడుమనున్న యుద్ధమంతయు మొదటిదానినుండి రెండవదానికి మనుష్యుడు చేసిన ప్రయాణమే యని నాకు ఇప్పుడు తోచుచున్నది.

ధర్మరాజు లోకమునందలి కుక్కలన్నిటికి పూచీపడలేదు. తన వెంట వచ్చిన యొక్కదానికి పడెను. నాకును కర్రికిని గల సంబంధ మట్టిదే. దారిలో చూచి పోయియుండిన నేను జాలిలేనివాడ నయ్యెడివాడను. ఎత్తి తెచ్చి పిదప విడిచినచో నమ్మకద్రోహి నగుదును. మొదటిదానికంటె రెండవది పెద్ద దోషము. ఇంతేకాదు. నడుము విఱుగుట దాని తప్పు కాదు. మన వాహనముల వేగము దాని నడుము విఱిచినది. పట్టణములలో ముద్దుకై పెంచు డాక్స్‌హుండ్ అను పొడుగు నడుము కుఱుచకాళ్ళ కుక్కలను చూడుడు. పూసల నడుమ మెత్తగా నుండవలసిన బిళ్ళలు వానికి చిన్నవయసుననే గట్టిపడి, జాఱి, వెన్నుబామును ఒత్తును. కాళ్ళను కుఱుచచేయు జన్యులక్షణమే ఈ కీడును తెచ్చును. ఆ లక్షణమును తరతరములుగ ఎన్నుకొని పెంచినవారము మనమే. దారికుక్క నడుమును మన వేగము, ఇంటికుక్క నడుమును మన ముచ్చట చెఱచినప్పుడు, మనము చేయు సేవ దానము కాదు, అప్పు తీర్చుట.

“మనుష్యులే దిక్కులేక యుండగా కుక్కకు ఇంత సేవయా?” అని కొందఱు అడుగుదురు. ఈ ప్రశ్నను నేనును ఒకప్పుడు అడిగినవాడనే. దీనికి బదులు మా పొరుగింటి యవ్వ చెప్పినది. ఆమె బీడీలు చుట్టి బ్రదుకునది. కొడుకు గల్ఫునకు పోయినాడు. పక్షవాతముతో పడిన భర్తను ఆమె మరణపర్యంతము ఏండ్ల తరబడి సాకినది. కర్రికి ప్రక్క మార్చుట, పుండ్లు పడకుండ తుంటిక్రింద గుడ్డ మడచి పెట్టుట నా భార్యకు నేర్పినది ఆమెయే. ఒకనాడు నేను నిరాశగా మాటలాడగా, బీడీల చాటను ఒళ్ళోనుండి దించి, “దాని కాళ్లు పోయినయి గని పానం పోలేదు గదా సారూ” అనెను. మనిషికి సేవచేసి నేర్చినదానిని ఆమె కుక్కకు వాడినది. సేవచేయనివారే మనిషికా కుక్కకా అని లెక్క పెట్టుచుందురు. ఒకచోట తడిబట్ట మార్చిన చేతులు వేఱొకచోట వెనుదీయవు.

నా భార్య ప్రశ్న వేసిన రాత్రినుండి మా యింట పని పంచుకొంటిమి. రాత్రి ప్రక్క మార్చుటయు, తెల్లవాఱుజామున మూత్రము విడిపించుటయు, ఆ బట్టలు ఉదుకుటయు నావి. మొదటి దినమున నాకు రోత పుట్టినది, దాచను. రెండవ దినమున చేయి తెలియక ఎక్కువగా నొక్కితిని; కర్రి నావైపు చూచెను గాని కఱవలేదు. పదవ దినమునకు అరచేతి క్రింద నిండిన మూత్రాశయమును, ఖాళీయైనదానిని పోల్చుకొనగలిగితిని. ముప్పదియేండ్లు పిల్లలకు నీతిపద్యములు వల్లెవేయించిన నేను, నీతి అరచేతిలోగూడ ఉండునని అప్పుడు తెలిసికొంటిని. వంతులు వేసికొన్నపిమ్మట నా భార్యకు మధ్యాహ్నమున ఒక గంట నిద్ర దొరికెను. కుక్కకు దయచూపిన యింటిలో మనిషికిగూడ కొంత దయ దొరకెనన్నమాట.

ఆఱు వారములు గడచినవి. కొట్టు తీసివేసి, పొట్టక్రింద తువ్వాలు వేసి వెనుకభాగమును పైకి పట్టుకొని నడిపించుట మొదలుపెట్టితిమి. రెండవ నెలలో తోక కదలెను. నాలుగవ నెలలో, ఒక యుదయము, తువ్వాలు లేకయే లేచి నిలిచి, నాలుగడుగులు వేసి కూలబడెను. నేడు కర్రి నడచును. మలుపు తిరుగునప్పుడు వెనుకభాగము ఒరిగి పడును, మఱల లేచును. మెట్లెక్కలేదు. పరుగెత్తలేదు. తనంతట మూత్రము విడుచును గాని ఒక్కొకప్పుడు పక్క తడుపును.

అది నడచినది గనుక మేము చేసినది మంచిదని మీరు తీర్పు చెప్పవలదు. అది ఎన్నడును లేవకపోయియుండవచ్చును. అప్పుడు దాని నడుముక్రింద రెండు చిన్న చక్రముల బండిని చేయించియుందుము. లేదా పుండ్లు ముదిరి, మందునకు లొంగని బాధ కలిగి, వైద్యుని చేతిలో దానికి సుఖమరణము కల్పింపవలసి వచ్చియుండును. అప్పుడును మా నాలుగు నెలల పని వ్యర్థము కాదు. ఫలము దానినిబట్టి ధర్మమును నిర్ణయించుకొన్నచో, ముసలివారికి సేవచేయువా రెవ్వరును మిగులరు.

మొదట నేను నేర్చిన పాఠమును ఇప్పుడు చెప్పుచున్నాను. పట్టుకారుతో వ్రేలు నొక్కినప్పుడు కాలు లాగుకొనుట వేఱు, తల త్రిప్పి చూచుట వేఱు. దారిలో బాధను చూచి కదలిపోవుట జాలి. అది వెన్నుబాము వఱకే పోయి తిరిగివచ్చును. మంచిదే, అదియు లేనివానికంటె ఉన్నవాడు మేలు. కాని ఆ బాధ మనలోపలి దాక పోయి, మనము తల త్రిప్పి, ఇది ఎవరి బాధ, దీనికి నేడేమి చేయవలెను, రేపేమి చేయవలెను, ఆ పని ఎవరిమీద పడుచున్నది అని చూచినప్పుడు గాని దయ కాదు. జాలికి ఒక నిమిషము చాలును. దయకు దినచర్య కావలెను.

ఇది వ్రాయుచుండగా తెల్లవాఱవచ్చినది. కర్రి పక్క తడిపినది. నేటి వంతు నాది.